అంచు మీద నల్ల గీత

సీడీ పెట్టె మీది బొమ్మలో డోకా ఒక్కతే ఉంది. నడుం మీద చెయ్యి వేసుకుని, గడ్డం కాస్త ఎత్తి, వెనక వితోష కొండ కనబడేలా నిలబడింది. ఆమె కట్టుకున్న ఎర్ర ఏప్రను అంచుకు రెండు కోడిపుంజులు కుట్టి ఉన్నాయి. వాటి కళ్ళకు నల్ల ఉన్ని తక్కువపడితే, అవి కుట్టిన దర్జీ స్తమేన తన శాలువా కొస విప్పి ఆ దారం పోసింది. బొమ్మ తీసినవాడికి ఆ సంగతి తెలియదు. కోడిపుంజులు మాత్రం బాగా పడ్డాయి.

పెట్టె చేతులు మారుతూ స్తమేన దగ్గరికి వచ్చింది. ఆమె డోకా మొహం చూడలేదు, కుట్టు చూసింది. తర్వాత వెనక్కి తిప్పింది. 'ఎవ్దోకియ, బృందం' అని ఉంది. ఎవ్దోకియ అంటే డోకాయే. తక్కిన ఆడవాళ్ళందరూ కలిసి ఒక్క మాటైపోయారు.

"బాగా వచ్చింది కదూ?" అంది పక్కనున్న బోయ్కా, రొట్టెల దుకాణంలో కూచునే మనిషి.

"ఏప్రను బాగా వచ్చింది" అంది స్తమేన.

ఊరి పఠనమందిరంలో కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. వేసవిలో ఆడవాళ్ళు సోఫియా నగరానికి వెళ్ళి పాడిన పాటలు సీడీగా అచ్చయి, విదేశీ కంపెనీ నుంచి ఆ రోజే వచ్చాయి. మందిరం మొత్తానికి పంపింది ఒక్కటే. మందిరం చూసుకునే పెంచేవ్ మాస్టారు దాన్ని గాజు పాత్ర పట్టుకున్నట్టు పట్టుకొచ్చి, మూలనున్న పాత ప్లేయరులో పెట్టారు. వెనక బెంచీ మీద స్తమేన మొగుడు లాజర్, సాయంత్రం ట్రిప్పుకి బస్సు తియ్యాల్సినవాడు, టోపీ మోకాలికి తగిలించుకుని కూచున్నాడు.

పాటలు మొదలయ్యాయి. ఆ ఊరి పాట ఎప్పుడూ రెండు గొంతులతోనే నడుస్తుంది. ఒకామె పాట ఎత్తుతుంది. తక్కినవాళ్ళు కింద ఒకే స్వరం మీద నిలబడి శ్రుతి పడతారు. ఆ రెండూ విడివిడిగా తియ్యగా ఉండకూడదు, ఒకదాన్నొకటి ఒరుసుకుని గంటలా మోగాలి. పాడేటప్పుడు అర్ధచంద్రంలా నిలబడి పక్కామె ఉన్ని నడికట్టు పట్టుకుంటారు. డోకా నడికట్టు పట్టుకునేది ఎప్పుడూ స్తమేనే. పెళ్ళికి ముందు నుంచీ ఆమే. ఎత్తేది డోకా, పట్టేది స్తమేన. పేరు ఎత్తినవాళ్ళకే వస్తుంది.

చివరి పాట రాబోతుంటే స్తమేన లేచింది.

"ఎక్కడికే?" అంది బోయ్కా.

"ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి వచ్చానో లేదో."

"ఇప్పుడా గుర్తొచ్చింది?"

చివరి పాట డోకా పాట. సోఫియాలో మైకులవాడు దానికోసం అందర్నీ బయటికి పంపేశాడు. డోకాను ఒక్కదాన్నే పాడమన్నాడు. కింద శ్రుతి లేకపోతే ఆమె ఎక్కడ నిలబడాలో తెలియక నాలుగు మాటలకే ఆగిపోయింది. మళ్ళీ పాడమంటే మళ్ళీ ఆగింది. చివరికి స్తమేనను పిలిచి వెనక నిలబెట్టాడు. "నువ్వు మెల్లగా" అని వేలు పెదవుల మీద పెట్టి చూపించాడు. ఆ వేలు స్తమేన మరిచిపోలేదు.

ఆమె మందిరం మెట్ల మీద నిలబడింది. ఊరంతా మిరపకాయలు కాలుస్తున్న వాసన. ప్రతి పెరట్లోనూ పొగ. లోపల డోకా గొంతు లేచింది. స్తమేన మెట్లు దిగి, రోడ్డు దాటి, బస్టాండు దాకా పోయి, చప్పట్లు వినబడ్డాకే వెనక్కి వచ్చింది.

వచ్చేసరికి లోపల గొడవ.

లాజర్ సీడీని మందిరం కంప్యూటరులో పెట్టి చూశాడట. అది కాసేపు గిరగిరా తిరిగి, పిల్లి మందు ఉమ్మేసినట్టు బయటికి తోసేసింది. కాపీ కాకుండా తాళం వేశారు. పెట్టె మీదే చిన్న అక్షరాల్లో ఉంది, కంప్యూటరులో పాడదని.

"మేం పాడిన పాట మాకే ఇవ్వరా?" అంటోంది బోయ్కా. "ఒక్కటి పంపించి మమ్మల్నందర్నీ దాని మొహం చూస్తూ కూచోమంటారా?"

"సంతకాలు పెట్టారు కదమ్మా" అన్నారు పెంచేవ్ మాస్టారు. "కాగితం మీద అన్నీ ఉన్నాయి."

"చదవమన్నారా? కాఫీ తాగమన్నారు, సంతకం పెట్టమన్నారు. ఆ పాట మా అమ్మమ్మది. ఆవిడ మొక్కజొన్న చేలో పాడుతుంటే ఎవడైనా వచ్చి తాళం వేశాడా?"

"పాట మీ అమ్మమ్మదే. రికార్డు చేసింది వాళ్ళు. స్టూడియో వాళ్ళది, మైకులు వాళ్ళవి, మీరు ఎక్కిన బస్సుకి డబ్బు వాళ్ళది. సోఫియా బజారుకి పోయి చూడండి, దొంగ సీడీలు బంగాళాదుంపల్లా పోసి అమ్ముతున్నారు. అందరూ కాపీలు తీసుకుంటే రేపు మనల్ని మళ్ళీ పిలిచేవాడెవడు?"

"బజారువాడు ఎలాగూ తీస్తాడు మాస్టారూ" అన్నాడు లాజర్. "వాడికీ తాళం అడ్డమా? తాళం మనబోటివాళ్ళకే. నేను సీడీ కొన్నాననుకోండి. ఇంట్లో వింటాను, బస్సులో వింటాను, గీతలు పడతాయని ఇంకోటి తీసి దాచుకుంటాను. అది నా ఇష్టం కాదూ? బూట్లు కొంటే, వీటితో వంటింట్లో తిరగకూడదని కంపెనీవాడు అంటాడా?"

"ఆ మాట కంపెనీవాడు అనడు, నీ పెళ్ళాం అంటుంది" అంది బోయ్కా.

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, అంతలోనే గొంతు సర్దుకున్నారు. "నవ్వితే నవ్వండి. నేను మాత్రం చట్టం పక్కన ఉండాలి. మందిరం తాళంచెవులు నా దగ్గరున్నాయి."

అప్పటిదాకా మాట్లాడని డోకా మెడ చుట్టూ కట్టుకున్న రుమాలు విప్పింది.

"సోమవారం నా గొంతు కోస్తారు" అంది.

మెడ కింద గువ్వగుడ్డంత ఉబ్బు. ఎవరూ ఇంతకు ముందు చూడలేదు. రుమాలు ఆమె అందానికి కట్టుకుంటోందని అనుకున్నారు. స్తమేన అయితే గర్వానికి అనుకుంది.

"గొంతుకేం కాదంటాడు డాక్టరు. డాక్టరుకి పాట వచ్చా? ఆసుపత్రిలో చెవులకి పెట్టుకుని వినే డబ్బా ఒకటి మా ఆయన కొన్నాడు. ఈ చివరి పాట దాంట్లో పెట్టుకుని పోవాలని ఉంది. మందిరం సీడీ పట్టుకుపోలేను కదా."

ఆడవాళ్ళు లేచి ఆమె చుట్టూ మూగారు. ఒకామె ఏడ్చింది. బోయ్కా డోకా తల తన గుండెకు ఆనించుకుంది. స్తమేన కూడా వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. వేస్తూనే తన మనసులో లేచిన దాన్ని చూసి తనే జడుసుకుంది. ఆ గడ్డ మీద కూడా అసూయ పుట్టింది. డోకాకి జబ్బు చేసినా అది పాటే అవుతుంది, నాకు జబ్బు చేస్తే ఏప్రన్లు ఆలస్యమవుతాయి, అంతే, అనుకుంది.

లాజర్ టోపీ తిప్పుతూ దగ్గరికొచ్చాడు. "మా డ్రైవరొకడు చెప్పాడు. ఆ తాళం సీడీ బయటి అంచున ఉంటుందట. మార్కరు పెన్నుతో అంచు వెంబడి సన్నగా ఒక గీత గీస్తే కంప్యూటరుకి తాళం కనబడదు. పాటలు మాత్రం కనబడతాయి. అయితే చెయ్యి వణక్కూడదు."

"స్తమేన చెయ్యి వణకదు" అంది డోకా.

అందరూ స్తమేన వైపు తిరిగారు. గుడ్డ మీద ఒక్క దెబ్బతో మెడ గుండ్రం గీసే చెయ్యి అది, ఊరందరికీ తెలుసు. అవునంటే తల అడ్డంగా ఊపడం అక్కడి వాడుక; ఆమె అలాగే ఊపి ఒప్పుకుంది.

పెంచేవ్ మాస్టారు కిటికీ లోంచి బయటికి చూస్తూ అన్నారు. "నేనేమీ వినలేదు. రేపు మధ్యాహ్నం మాత్రం భోజనానికి పోతాను. అల్మారా తాళంచెవి ఒక్కోసారి బల్ల మీదే మరిచిపోతుంటాను. ముసలితనం."

మర్నాడు లాజర్ సీడీ తెచ్చి, కుట్టుమిషను మీద శుభ్రమైన గుడ్డ పరిచి, దాని మీద పెట్టాడు. పెరట్లో ఇనపరేకు మీద మిరపకాయలు పేలుతున్నాయి. ల్యూతెనిత్స పచ్చడికి అరచెయ్యంత కాయలు తెచ్చి గుట్ట పోశారు. స్తమేన పొద్దుటి నుంచీ అవి కాల్చి తొక్కలు ఒలుస్తోంది. వేళ్ళ కొసలు మసిబారాయి.

"చూడు" అన్నాడు లాజర్, సీడీని వెలుతురుకి వంచి. "పాటలు లోపల మొదలై బయటికి వస్తాయి. ఇదిగో, ఈ సన్నటి వలయం కనబడుతోందా? దీని అవతలిది తాళం. ఇవతలిది పాటలు. ఈ చివరికి ఆనుకుని ఉన్నది చివరి పాట. గీత వలయం దాటి లోపలికొస్తే అది పోతుంది."

"డోకా పాట."

"ఆ, అదే. గీశాక మన కంప్యూటరులో పెట్టు, నీకు చూపించాను కదా. సాయంత్రానికి వస్తాను." అతను టోపీ పెట్టుకుని బస్సుకి పోయాడు.

స్తమేన చేతులు సబ్బుతో కడుక్కుంది. మసి పూర్తిగా పోలేదు. మార్కరు తీసి మూత పళ్ళతో లాగింది. అది తోలు మీద గుర్తులు పెట్టుకునే పెన్ను, మొన సన్నం, సిరా చిక్కన. సీడీని అంచుల్తో పట్టుకుని పైకెత్తింది. అందులో కిటికీ కనబడింది, కిటికీ ముందు తన మొహం, మధ్యలో చిల్లు. ఆమె మొహం పక్కకు జరిపింది.

మొదట వలయం అవతలే మొన ఆనించింది. ఎడమచేత్తో సీడీని మెల్లగా తిప్పుతూ, కుడిచెయ్యి కదలకుండా ఉంచింది. గుండ్రం గీసేటప్పుడు పెన్ను కదలకూడదు, గుడ్డే కదలాలి. ఆ పని ఆమెకు ఊపిరంత అలవాటు. గీత జుట్టు వెంట్రుకలా పడింది. సగం తిరిగింది.

అక్కడ పెన్ను ఆగింది. పెదవుల మీది ఆ వేలు గుర్తొచ్చింది. నువ్వు మెల్లగా. 'బృందం' అన్న మాట గుర్తొచ్చింది. పెళ్ళిళ్ళకు పోతే జనం ముందు డోకాకే కుర్చీ వెయ్యడం, డోకా భుజానికే పూలు గుచ్చడం, 'ఈమె కూడా పాడుతుంది' అని తనను చూపించడం. కూడా! డోకా ఆసుపత్రి మంచం మీద కళ్ళు మూసుకుని, చెవుల్లో తన గొంతు తానే వింటూ, తన పాటకు తానే మురిసిపోతూ పడుకుని ఉండటం ఆమె కళ్ళకు కట్టింది.

పెన్ను లోపలికి జరిగింది. ఒకసారి తిప్పింది. మళ్ళీ జరిపింది. మళ్ళీ తిప్పింది. నల్లటి పట్టీ చిటికెనవేలి గోరంత వెడల్పయింది.

చెయ్యి వణకలేదు. తర్వాత ఆమెను బాధపెట్టింది అదే.

ఇంట్లోని కంప్యూటరు సీడీని ఉమ్మలేదు. పాటలన్నీ వరసగా తెర మీద కనబడ్డాయి. స్తమేన చివరిదాన్ని నొక్కింది. డోకా పాట ఎత్తింది, నిటారుగా, భయం లేకుండా. వింటుంటే స్తమేనకు ఒంటి మీద రోమాలు లేచాయి, దానికి ఒళ్ళు మండింది. పాట సగానికొచ్చింది. అంతలో సూది ఇనుము మీద పడ్డట్టు టకటకా కొట్టుకుని, గీరుకుపోయి, ఆగిపోయింది.

ఎండలో నడిచొచ్చి నీళ్ళు తాగినట్టు అనిపించింది. ఆ చల్లదనం కాసేపే. తర్వాత ఆమె పెరట్లోకి పోయి, చల్లారని మిరపకాయలు ఒలుస్తూ వేళ్ళు కాల్చుకుంది.

లాజర్ వస్తూనే అడిగాడు. "అయిందా?"

"అయింది. చివరి పాటే మొరాయిస్తోంది."

"గీత లోపలికి పోయిందా?"

"కంపెనీవాడి తాళం సంగతి నాకేం తెలుసు?"

అతను లోపలికి పోయి, సీడీని వెలుతురుకి వంచి చూశాడు. బయటికొచ్చి స్తమేన మొహం చూశాడు. చిన్న పీట లాక్కుని ఎదురుగా కూచుని తనూ తొక్కలు ఒలవడం మొదలుపెట్టాడు. "ఆ పెన్ను గీత సారాతో పోతుందిలే" అన్నాడు, కాయ వైపే చూస్తూ.

మర్నాడు పొద్దున్నే డోకా వచ్చింది. భుజాన గోనె, మెడకు రుమాలు. గోనె దింపి, అడక్కుండానే రేకు పక్కన కూచుని కాయ అందుకుంది.

"మా చేలో కాయలు. వచ్చేవారం నాకు ఒలిచే ఓపిక ఉండదు. నీ పచ్చట్లో కలిపేసుకో. రెండు సీసాలు ఇద్దువుగాని."

"ఒకటిస్తా."

"పిసినారీ. కాయలు నావి!"

"నిప్పు నాది."

కాసేపు ఇద్దరూ ఒలిచారు. స్తమేన ఆమె వైపు చూడలేదు. లోపల కుట్టుమిషను మీద, గుడ్డ కింద, సీడీ ఉంది.

"అయిందా నా పాట?" అంది డోకా.

"సగం దాకానే పాడుతోంది. తర్వాత ఆగిపోతోంది."

డోకా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "సగం తర్వాత లేదా?"

"లేదు."

"నాకు కావలసింది ఆ సగం తర్వాతే కదే."

స్తమేనకు చురుక్కుమంది. "ఏం, మొదట్లో నీ గొంతు నీకు చాలలేదా?"

"నా గొంతు నాకెందుకే? అది నా మెడలోనే ఉందిగా, ఉన్నన్నాళ్ళు." డోకా కాయ పక్కన పెట్టింది. "మొన్న మందిరంలో నువ్వు వినకుండా లేచి పోయావు. ఇస్త్రీపెట్టెట! కుట్టుపనికి నువ్వు వాడేది బొగ్గుల పెట్టెయే కదా, మరిచిపోడానికి ప్లగ్గెక్కడిది?"

స్తమేన ఇంకో కాయ రేకు మీద వేసింది.

"చివర్లో ఆ పొడుగు మలుపు ఉంటుందే, కొండెక్కినట్టు. అక్కడ నాకు ఊపిరి అందలేదు. అప్పటికే ఈ గడ్డ ఉంది మరి, నాకు తెలియదు. నేను ఆగిపోయాను. పాట ఆగలేదు. నువ్వు కింద నుంచి పైకొచ్చి దాన్ని అందుకుని, ఆ మలుపు దాటించి, మళ్ళీ నీ చోటికి నువ్వు దిగిపోయావు. మైకులవాడికే తెలియలేదు. పెంచేవ్ మాస్టారికీ తెలియలేదు. చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఎవరికి కొట్టారో నాకు తెలుసు."

"నేనా?" అంది స్తమేన. "నాకు గుర్తులేదు."

"నీకెందుకు గుర్తుంటుంది? నువ్వు కళ్ళు మూసుకుని నా నడికట్టు పీకి పడేస్తుంటావు. నువ్వు పట్టుకున్న చోట నాకెప్పుడూ కందిపోయే ఉంటుంది." డోకా నవ్వబోయి గొంతు పట్టుకుంది. "అక్కడ ఉన్నది నేను కాదు. అదే వింటూ పోదామనుకున్నాను. సోమవారం తర్వాత నా గొంతు రాకపోతే పాట నువ్వు ఎత్తాలి కదా. ఎత్తగలవని నీకు చూపించడానికి ఇంకేముంది నా దగ్గర?"

రేకు మీద ఒక కాయ పగిలి చిటపటమంది. స్తమేన దాన్ని తిప్పలేదు. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాట అది. ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని పండగల్లో డోకా నడికట్టు పట్టుకుని ఈ మాటే కోరుకుంది! అది చెవిన పడ్డాక కాళ్ళ కింద నేల ఉన్నట్టే లేదు. ముందు నిలబడితే ఎదురుగా జనం తప్ప ఇంకేముంటుంది?

"నేను ఎత్తితే కింద శ్రుతి ఎవరు పడతారు?" అంది మెల్లగా.

"నేను పడతాను. శ్రుతికి గొంతెందుకే, మొండితనం చాలు. అదీ నాకు తక్కువేం లేదు." డోకా మసి చేతుల్ని ఏప్రను కొసకి తుడుచుకుంది. "నిజం చెప్పనా? నిన్ను చూస్తే నాకు ఎప్పుడూ కడుపుమంట. నేను జారితే ఊరంతా వింటుంది. నువ్వు హాయిగా కింద నిలబడి ఉంటావు. ఎవరూ నిన్ను చూడరు. ఎంత సుఖం!"

"సుఖమా!" అంది స్తమేన.

ఆమె లేచి లోపలికి పోయింది. అల్మారాలోంచి రకియా సారా సీసా తీసింది, లాజర్ ద్రాక్షపళ్ళతో కాచింది. మెత్తటి గుడ్డముక్క తీసింది. డోకా ఆమె వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. స్తమేన సీడీ మీది గుడ్డ తీసింది. నల్లటి పట్టీ పొద్దుటి వెలుతురులో గోరంత వెడల్పున మెరిసింది. దాచడానికి ఇంక ఏమీ లేదు.

డోకా దగ్గరికొచ్చి వంగి చూసింది. సీడీని చూసింది, స్తమేన చేతిని చూసింది, గోళ్ళ కింద మిరపకాయ మసి ఏదో సిరా ఏదో తెలియకుండా ఉన్న వేళ్ళని చూసింది.

"చెయ్యి వణికినట్టు లేదే" అంది.

"లేదు" అంది స్తమేన.

వీధిలో ఎవరిదో బండి పోయింది. డోకా ఒక కుర్చీ లాగి కూచుంది.

"నేనైతే మొత్తం నల్లగా పూసేదాన్ని" అంది. "మధ్య చిల్లు కూడా."

స్తమేన రకియా గుడ్డముక్క మీద వొంపింది. మధ్య నుంచి అంచు వైపుకి, ఒక్కో గీతగా, నెమ్మదిగా తుడిచింది. సిరా గుడ్డకు ఎక్కింది. గది అంతా సారా వాసన, దాంట్లో కాలిన మిరపకాయల వాసన. డోకా సీసా అందుకుని, మూతలో కొంచెం పోసుకుని, "ఆపరేషన్ ముందు తాగొద్దన్నాడు డాక్టరు" అని, మూత స్తమేన చేతికిచ్చింది. స్తమేన తాగేసింది.

సీడీ మళ్ళీ తెల్లగా అయింది. తాళం మళ్ళీ పడినట్టే. ఆమె మార్కరు మూత లాగి, వలయం వెతికి, మొన దగ్గరికి తెచ్చింది. ఈసారి చెయ్యి వణికింది. మొన అంచు మీద గాల్లోనే ఆడింది. ఆమె పెన్ను వెనక్కి తీసుకుంది. మళ్ళీ తెచ్చింది. మళ్ళీ వణికింది.

"నాకు రావట్లేదు" అంది.

డోకా లేచింది. స్తమేన వెనక్కి పోయి నిలబడింది. ఏప్రను నాడాల కిందుగా, నడుం దగ్గర, గట్టిగా పట్టుకుంది, పాడేటప్పుడు స్తమేన ఆమెను పట్టుకున్నట్టే. తర్వాత వెనక నుంచి చాలా కిందగా, బొంగురుగా, ఒకే స్వరం మొదలైంది. అది పాట కాదు. నిలబడటానికి ఒక చోటు.

స్తమేన సీడీని తిప్పడం మొదలుపెట్టింది. గీత సన్నగా, వలయం అవతలే, మొదలైన చోటికి వచ్చి కలిసింది. డోకా ఆపలేదు. స్తమేన పెన్ను మూత పెట్టింది. తన నడుం మీద ఆ చేతుల పట్టు ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది. ఆమె గడ్డం కాస్త ఎత్తి, ఆ స్వరం మీద నిలబడి, నోరు తెరిచింది.